నూట ఎనభై వేళ్లు

"'ఓ' గ్రూపు వాళ్ళు బురదలోకి. మిగతావాళ్ళు గట్టు మీదికి," అన్నాడు సూపర్‌వైజరు అగ్గిపుల్లతో పళ్ళు కెలుక్కుంటూ.

నర్సుకి ఒళ్ళు మండింది.

చిత్తడి నేలలో కాలువ తవ్వే పని. నడుం లోతు నల్లనీళ్ళు, కుళ్ళిన ఆకుల కంపు, చేత్తో తోస్తే గానీ పక్కకి జరగని దోమలు. 'ఓ' గ్రూపు వాళ్ళకి మలేరియా ప్రాణం మీదికి వచ్చేంతగా ముదరదని ఈ మనిషి ఎక్కడో చదివాడు. చదివిందల్లా అంతే. ఉన్న దోమతెరలన్నీ గట్టు మీది వాళ్ళకి పంచేశాడు.

"ముదరడం తక్కువ సార్, అంతే. జ్వరం రాదని కాదు," అంది నర్సు.

"వస్తే వస్తుంది. చావరుగా? పైఆఫీసు వాళ్ళు అడిగేది చావుల లెక్కే సిస్టర్."

అని నవ్వాడు. ఆ పళ్ళ సందుల్లో ఇరుక్కున్నది చూసి ఆమె మొహం పక్కకి తిప్పుకుంది.

పనివాళ్ళు వచ్చిన మొదటి రోజే ఎవరి రక్తం ఏ గ్రూపో జాబితా కావాలన్నాడు, అదీ సాయంత్రానికల్లా. నూట ఎనభై మంది. నర్సు ఒక్కతే అందరి వేళ్ళూ వరసగా గుచ్చింది, గాజుపలకల మీద చుక్కలు తీసింది. చీకటి పడకముందే జాబితా ఆయన బల్ల మీద ఉంది. తనది 'ఏ' గ్రూపని చూసుకుని ఆయన ఆ పూటే తన మంచానికి రెండు దోమతెరలు కట్టించుకున్నాడు.

"భలే సిస్టర్! కండ ఉన్నవాళ్ళంతా 'ఓ' గ్రూపే. మన అదృష్టం!" అని మురిసిపోయాడు.

నర్సు తమ్ముడిది ఏబీ. వాడికి గట్టు మీద స్టోరు గదిలో పని దొరికింది.

బురదలో అందరికంటే ముందు దిగేవాణ్ణి పొడుగాయన అనేవారు. మూడో వారం ఆయనకి చలిజ్వరం పట్టుకుంది. సూపర్‌వైజరు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని షెడ్డు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"'ఓ' వాడికి ఏమవుతుంది? అన్నీ నాటకాలు. రేపు పనిలోకి రమ్మను."

నర్సు మాత్రలిచ్చి బయటికి వచ్చింది. తుపుక్కున ఉమ్మింది. ఇలాంటివాడి కింద పనిచేస్తున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది.

పొడుగాయన భార్య వంటపాకలో గిన్నెలు తోముతుంది. తడిచేతులతోనే పరుగెత్తుకొచ్చింది.

"అక్కా, ఆయనది 'ఓ' యే కదా? ఏం కాదుగా?"

"ఏం కాదు, ఊరుకో," అంది నర్సు ఆమె మొహం చూడకుండా.

మర్నాడు పొద్దుటికి పొడుగాయనకి మాట పడిపోయింది. కళ్ళు తేలేశాడు. మూత్రం నల్లగా వస్తోంది. పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి వ్యాను వచ్చింది. ఫోన్లో డాక్టరు గ్రూపేమిటని అడిగాడు.

"'ఓ' అండీ," అంది నర్సు.

"'ఓ' వాళ్ళకి ఇంతగా ముదరడం తక్కువే. రక్తం ఎక్కించాల్సి వస్తుంది, ఇచ్చేవాళ్ళని కూడా పంపండి. ఎందుకైనా మంచిది, అక్కడే మళ్ళీ ఒకసారి గ్రూపు చూసి మరీ పంపండి."

"నాది తీసుకో అక్కా," అంటూ భార్య చెయ్యి చాపింది. మోచేతి దగ్గర సబ్బు నురగ ఇంకా ఆరలేదు.

సూపర్‌వైజరు మొహంలో నెత్తురు చుక్క లేదు. "తొందరగా కానివ్వండి సిస్టర్! వీడు పోతే నా ఉద్యోగం పోతుంది."

ఎదురుగా మనిషి పోతుంటే కూడా తన ఉద్యోగం గొడవే! ఛీ, వీడూ ఒక మనిషేనా అనుకుంది నర్సు.

వెళ్ళి మందుల గదిలోని చిన్న ఫ్రిజ్ తాళం తీసింది.

గ్రూపు తేలాలంటే రక్తం చుక్కలో కలపాల్సిన మందు సీసాలు మూడూ, కంపెనీ వేసిన సీలు విప్పకుండా, వచ్చినవి వచ్చినట్టే ఉన్నాయి.