పాటలో పేరు

మహబూబాబాద్‌లో ధూంధాం, ఉద్యమ పాటల సభ. తెలంగాణ కోసం ప్రాణం తీసుకున్న ఒక తండా యువకుడి మీద పాట కట్టిన యమున వేదిక ఎక్కబోతుంటే, ఒక నడివయసు లంబాడా స్త్రీ వచ్చి చెయ్యి పట్టుకుంది. ఆ యువకుడి తల్లి, ద్వాళి.

“పాటల నా కొడుకు పేరు తీసెయ్, బిడ్డా.”

యమున నివ్వెరపోయింది. “గట్లంటవేందవ్వా? ఆ పేరు ఎవ్వలు మరువొద్దనే పాట కట్టిన. విన్నోళ్లంత ఏడుస్తున్నరు.”

“నేను గూడ ఏడ్సిన. మంచిగనే కట్టినవ్. అయినా తీసెయ్.”

మైకులో యమునను పిలిచారు. ఆ పాటే కావాలని జనం కేకలు వేస్తున్నారు.

“ఎవరన్న బెదిరిచ్చిన్రా అవ్వా? పోలీసోళ్లా?”

ద్వాళి తల అడ్డంగా ఊపింది. పట్టిన చెయ్యి మాత్రం వదల్లేదు.

“మా చిన్నోడు పొద్దుమాపు నీ పాటే పాడుతడు. నిన్న బువ్వ తినుకుంట అడిగిండు. ‘యాడీ, అమ్మా, నేను గూడ అన్న లెక్క పోతె, ఆ అక్క నా పేరు గూడ పాటల పెడ్తదా’ అని.”

యమున వేదిక ఎక్కింది. జనమే ఆ పాట పల్లవి ఎత్తుకున్నారు. ఆమె మైకు ముందు నిలబడి, వాళ్లు ఆగేదాకా నోరు విప్పలేదు.