గాలి పోయిన దారి

1971 వేసవిలో ఒక ఆదివారం భీమశంకరం బస్సెక్కి జోగిపేట వచ్చాడు. కాకినాడ వైపు మనిషి, పటాన్‌చెరు దగ్గర కార్ఖానాలో డ్రాఫ్ట్స్‌మన్. పాత సుడిగాలుల జాడలు వెతికి పటాలు గీయడం అతని పిచ్చి. ముప్పై ఏళ్ల కిందటి పెద్ద సుడిగాలి కోసం అప్పటికే తొమ్మిది ఊళ్లు తిరిగాడు.

ధాన్యం వ్యాపారుల ఇంట్లో రుక్మిణమ్మ అతనికి మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టింది. ఆమె భర్త ఆ గాలికే గోడ కూలి చనిపోయాడని బజారులో చెప్పారు.

“కాన్పుకు తల్లిగారింట్ల ఉన్న సారూ. సుడిగాలికి గోదాం గోడ కూలి మీద పడ్డదని మా బావ, మా ఆయన అన్న, కబురు పంపిండు. నేనొచ్చేసరికి దహనం గూడ అయిపోయింది. అప్పటిసంది దుకాణం ఆయనదే, మమ్మల్ని సాకింది గూడ ఆయనే,” అందామె.

భీమశంకరం పటం పరిచి, గాలి దారిగా గీసిన ఎర్రగీత మీద వేలు నడిపించాడు. కూలిన చెట్లు, ఎగిరిన కప్పులు, పోయిన మనుషులు, అన్నీ ఊరి చెరువు అవతలే ఉన్నాయి.

“గాలి ఊళ్లోకి రానే లేదండి అమ్మా. ఈ వీధిలో ఒక్క పెంకు కూడా లేవలేదని పక్కింటి పెద్దాయన చెప్పారు. మీ గోడ ఒక్కటే ఎలా పడిందో అడుగుదామని వచ్చాను.”

రుక్మిణమ్మ ఆ గీతను చాలాసేపు చూసింది.

గోదాంలోంచి ఒక ముసలి గొంతు వినిపించింది. “ఎవరొచ్చిండ్రు రుక్మిణీ?”

ఆమె పటం మడిచి కొంగులో దాచుకుంది. భీమశంకరాన్ని వెళ్లిపొమ్మని కళ్లతోనే చెప్పింది.

“ఎవ్వరు లేరు బావా. మీరు ఆడనే ఉండుండ్రి. నేనే వస్తున్న.”