గదిలో గుసగుస

"పరీక్ష ఆపెయ్యండి. ఆ గదిలో ఎవరో జవాబులు అందిస్తున్నారు," అన్నారు లక్ష్మణరావు, మైకు ఆపి.

జెరుషా గబుక్కున తెర వైపు తిరిగింది. హాంబర్గ్‌లోని ఆ మీటింగు గది కిటికీ మీద వాన దంచికొడుతోంది. తెర మీద డాక్టర్ ఆమ్నా, సూడాన్‌లో ఎక్కడో ఒక చీకటి గదిలో, తర్వాతి ప్రశ్న కోసం చూస్తోంది. జెరుషా రెండేళ్లుగా ఆన్‌లైన్‌లో తర్ఫీదు ఇచ్చిన మనిషి ఆమె. ఈ మౌఖిక పరీక్ష గట్టెక్కితే ఆమె ఊళ్లోనే ఆరోగ్య పరిశోధన కేంద్రం తెరుస్తారు. తప్పితే, అక్కడి జబ్బుల సంగతి ఎప్పటిలాగే అక్కడివాళ్లకి హాంబర్గ్ వాళ్లు చెప్పాల్సిందే.

"అందిస్తున్నారని ఎలా అంటారు సార్?"

"గుంటూరులో ఏళ్ల తరబడి ఇన్విజిలేషన్ చేసినవాణ్ణమ్మా. కిటికీ అవతలి నుంచి అందించే గొంతు నాకు తెలీదా? పరీక్షకి కూర్చున్న మనిషి గదిలో ఒంటరిగా ఉండాలి. రూలు రూలే."

ఇప్పుడు కార్ల్స్‌రూహె యూనివర్సిటీ నుంచి వచ్చిన పరీక్షకుడాయన. జర్మన్లయినా ఎప్పుడో ఒకసారి రూలు మరిచిపోతారేమో గానీ ఆయన మరవరు.

జెరుషా చెవులు రిక్కించింది. నిజమే, గుసగుసలు. అదీ ఒక్క గొంతు కాదు. 'ప్రభువా, ఇదేం పరీక్ష' అనుకుంది. అయినా వదల్లేదు.

"ఇంకొక్క ప్రశ్న అడగండి సార్. ఈసారి జాగ్రత్తగా వినండి."

ఆయన విసుగ్గా మైకు తెరిచారు. "కలరా లెక్క తీయడానికి ఆస్పత్రికి వచ్చినవాళ్లని లెక్కేస్తే చాలదా?"

"చాలదు సార్. దారులు మూసేశారు. రాలేనివాళ్లే ఎక్కువ. ఇంటింటికీ వెళ్లాల్సిందే," అంది ఆమ్నా తడుముకోకుండా. అప్పుడు లేచింది గుసగుస.

జెరుషా మైకు ఆపేసింది. "విన్నారా? ఆమె చెప్పాకే వస్తోంది. చేతులు కాలాక ఆకులందించేవాళ్లు ఎక్కడైనా ఉంటారా సార్?"

"అదంతా నాకనవసరం. కెమెరా తిప్పమను. ఇంకో మనిషి కనబడితే పరీక్ష రద్దు."

"తిప్పమంటాను. కానీ వాళ్లెవరో కనుక్కోకుండా రద్దు చేస్తే మాత్రం ఆ కాగితం మీద నేను సంతకం పెట్టను."

ఆయన కళ్లజోడు మీంచి చూశారు. జెరుషా చూపు తిప్పుకోలేదు.

జెరుషా మైకు తెరిచి కెమెరా తిప్పమనగానే ఆమ్నా మొహం పాలిపోయింది. అయినా తిప్పింది.

ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నేల మీద మనుషులే. ఆడవాళ్లు, మగవాళ్లు, నర్సుల బట్టల్లో కొందరు. అందరి ఒళ్లోనూ కాగితాలు. గుసగుస ఠక్కున ఆగిపోయింది. లక్ష్మణరావు పెన్ను మూత తీశారు.

"ఎవరు వీళ్లంతా?" అంది జెరుషా.

"వీళ్లు నాకేమీ అందించడం లేదు. నా జవాబుల్ని ఇంగ్లీషు రానివాళ్లకి పక్కవాళ్లు అరబ్బీలో చెబుతున్నారు," అంది ఆమ్నా. "ఇక్కడ కాల్పులు ఆగేది రోజుకి ఈ కాసేపే. వీళ్లు ఇల్లు కదిలి రోజూ నా క్లాసుకి రాగలిగేదీ ఇప్పుడే. పరీక్ష కోసం క్లాసు మానలేక, పరీక్షనే క్లాసు చేసేశాను సార్."