జవాబుకు జవాబు

"ఇదిగో మాస్టారూ, ఆఫీసు వాళ్ల జవాబు. దీనికి తిరుగు జవాబు ఎలా రాయాలో ఇవాళ చెప్పాల్సిందే!" అంటూ టైలరమ్మ కాగితాన్ని బల్ల మీద పరిచింది.

మాస్టారికి దాన్ని చదవాల్సిన పని లేకపోయింది. సంతకం నీటి సరఫరా ఆఫీసరుదే గాని, అందులో ప్రతి ముక్కా మొన్న మంగళవారం తను రాసిందే. వారమంతా ఆ ఆఫీసులో గుమస్తాగిరీ, ఆదివారం ఈ లైబ్రరీ మేడ మీద చుట్టుపక్కల వాళ్లకి ఆఫీసు ఉత్తరాలు రాయడం నేర్పించడం. ఉద్యోగం ఎక్కడో మాత్రం ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. కాగితాన్ని మెల్లగా బల్ల చివరికి జరిపాడు.

"ఇవాళ పాఠం ఉద్యోగ దరఖాస్తు కదమ్మా..."

"దరఖాస్తు ఎక్కడికీ పారిపోదులెండి. మా వీధిలో పైపు పగిలి ఐదు నెలలైంది. మూడంతస్తులు బకెట్లు మోసీ మోసీ మా అత్తగారు మంచం పట్టింది."

"నా బేకరీ సగం రోజులు మూతే," అన్నాడు తలుపుకి అడ్డంగా కుర్చీ వేసుకున్న బేకరీ ఆయన.

మాస్టారికి ఆఫీసరు మాటలు చెవిలో గింగురుమన్నాయి. "ఈ జవాబుతో వాళ్ల నోరు మూతపడాలి. ఇంకో ఉత్తరం వచ్చిందా, వచ్చే నెల నీ ప్రమోషన్‌కి నీళ్లొదులుకో!"

"చాలా పకడ్బందీగా రాశారమ్మా. దీనికి తిరుగులేదు. కొన్నాళ్లు ఓపిక పడితే..."

"సందు లేని ఉత్తరం ఉండదని మీరే చెప్పారుగా?"

ఇరవై మంది పెన్నులు పట్టుకుని అతని మొహంలోకే చూస్తున్నారు. కుడితిలో పడ్డ ఎలుకలా కాసేపు కొట్టుకుని, చివరికి సుద్దముక్క అందుకున్నాడు.

"సరే. 'పరిశీలనలో ఉంది' అన్నారు. ఎవరి పరిశీలనలో? ఎప్పటినుంచి? పేరూ, తేదీ అడగండి."

అక్కడితో ఆపుదామనే అనుకున్నాడు పాపం. కానీ చేతికి అలవాటైన విద్య ఊరుకుంటుందా?

"'నిధులు రాగానే' అన్నారు. నిధులు కావాలని పైకి ఎప్పుడు రాశారో, ఆ ఉత్తరం నకలు ఇమ్మనండి."

అలాంటి ఉత్తరం ఎవరూ రాయనే లేదని ఆ గదిలో అతనికొక్కడికే తెలుసు. పై ఆఫీసుకి ఒక కాపీ, జవాబుకి పది రోజుల గడువు... బోర్డు నిండింది. వెనక్కి జరిగి చూసుకుంటే ముచ్చటేసింది. ఇన్నేళ్ల సర్వీసులో ఇంత మంచి ఉత్తరం రాయలేదు. రేపు దీనికి జవాబు చెప్పుకోవాల్సింది తనేనని గుర్తొచ్చేసరికి కుర్చీలో కూలబడ్డాడు.

అప్పటికే టైలరమ్మ దాన్ని చక్కగా ఎత్తి రాసి, సంతకాలకి తిప్పుతోంది.

"అమ్మా, దాన్ని రేపే పంపకండి. ఒక్క నెల ఆగండి."

"ఎందుకు మాస్టారూ?"

తలుపు వైపు చూశాడు. బేకరీ ఆయన కుర్చీ అంగుళం కదల్లేదు.

"ఆ ఆఫీసులో గుమస్తాని నేనే. మీకొచ్చిన ఆ జవాబు రాసిందీ నేనే," అనేశాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు.

ఎవరూ ఉలిక్కిపడలేదు. టైలరమ్మ సంతకాల కాగితాన్ని మడత పెడుతూ అంది:

"తెలుసు మాస్టారూ. ఆ ఆఫీసు జవాబులు రాసేదెవరో కనుక్కున్నాకే కదా, మీ చేత ఈ క్లాసు పెట్టించమని లైబ్రరీ వాళ్ల వెంటపడ్డాం!"