బీరతొక్కు ఎవరి వాటా

వంటింటి చెత్త తినడానికి ఇంటింటా వానపాముల డబ్బా ఉండాలని చట్టం వచ్చాక లిఖిత కూడా వంటగట్టు కింద ఒకటి పెట్టింది. తడిపిన పేపరు ముక్కలు పరిచి, పిడికెడు మట్టి చల్లి, కార్పొరేషన్ వాళ్ళిచ్చిన అరకిలో వానపాముల్ని అందులో వదిలింది. వాటి బరువును డబ్బాయే రోజూ ఆఫీసుకు పంపుకుంటుంది. వరుసగా రెండు నెలలు తగ్గితే ఫ్లాటుకు నీళ్ళు ఆపేస్తారు. మనుషుల బరువు అడిగే ఆఫీసు మాత్రం ఇంకా పెట్టలేదు.

మొదటి నెలే బరువు తగ్గింది. తనిఖీకి వచ్చిన మేడం మూత తీసి నిట్టూర్చింది.

"పాపం, చిక్కి సగమైపోయాయండీ. బీరకాయలు కొన్నారని మీ ఫ్రిజ్ చెబుతోంది. తొక్కేదీ?"

లిఖిత అత్తగారి వైపు చూసింది. పేరిందేవి మిక్సీ గిన్నె కడుగుతూనే జవాబిచ్చింది.

"పచ్చడి చేశానమ్మా. బీరతొక్కు ఎవరైనా పారేస్తారా?"

"తొక్కు వాటి వాటా, మామ్మగారూ. చట్టంలో ఉంది."

"తొక్కుకి బదులు కాయ పెడితే తప్పని ఉందా?"

మేడం తన టాబ్‌లో చాలాసేపు వెతికింది. "అలాగేం లేదండీ."

పచ్చడి మానే ప్రశ్నే లేదు. ఆ రోజు నుంచి పేరిందేవి తొక్కును నువ్వులతో వేయించి రుబ్బుకుని, లేత బీరముక్కల్ని ఉప్పూ కారం లేకుండా ఉడికించి, చల్లార్చి డబ్బాలో పెడుతోంది.

నెల తిరిగేసరికి వానపాముల బరువు రెట్టింపైంది. తలుపుకు 'ఆదర్శ గృహం' పలక బిగించడానికి వచ్చిన మేడంను లిఖిత భోజనానికి కూర్చోబెట్టింది.

"ఏం కూర చేశారండీ?"

"కూర వాటికమ్మా," అంది పేరిందేవి, పచ్చడి వడ్డిస్తూ. "మనకి తొక్కే."