జంట తాటిచెట్ల మలుపు

"నడుం లోతు!" పడవ ముందు కొసన కూర్చుని గెడ నీళ్ళలో దింపుతూ కేకేసింది వెంకటరావమ్మ.

వెనకాల చుక్కాని పట్టుకున్న భావనారాయణ పడవని కాస్త కుడికి తిప్పాడు.

"ఇప్పుడో?"

"నిలువు మునిగింది. ఇక భయం లేదు, పోనివ్వండి."

ఉత్తరపు గాలికి తెరచాప నిండుగా పొంగింది. నాగాయలంక రేవు వెనకబడింది. కృష్ణ ఒడ్డులు రెండూ అటూ ఇటూ ఉన్నాయని ఆయనకి తెలుసు. కనబడేది మాత్రం పాలు కలిపిన నీళ్ళలాంటి తెలుపొక్కటే. నీటికాసుల జబ్బని, పోయిన చూపు తిరిగి రాదని బెజవాడ డాక్టరు ఆషాఢంలోనే తేల్చేశాడు. సరుకు కోసం వెళ్ళొచ్చానని ఇంట్లో చెప్పాడు. చుక్కల మందు సీసా కొట్లో చీరల బీరువా వెనక దాచాడు.

ఈ పడవ కోసమే దాచాడు. కొట్టు చూసుకుంటున్న కొడుకు దుర్గాశంకర్ ఏడాదిగా ఒకటే పాట. "ఇద్దరిలో ఎవరికి ఏ కాస్త తేడా వచ్చినా పడవ అమ్మేస్తా నాన్నా. తర్వాత నన్ననద్దు."

పెళ్ళయిన ఏడే కొన్న పడవ. అప్పట్లో లంకలకి సరైన దారుల్లేవు. డిసెంబరు వచ్చిందంటే క్రిస్మస్ చీరలు పడవకెత్తుకుని ఇద్దరూ బయల్దేరేవాళ్ళు. ఏ రేవులో ఆగితే అక్కడే కొట్టు. తెరచాప నీడలో ఆవిడ చీర మడత విప్పితే ఒడ్డున ఆడవాళ్ళంతా ఒక్కసారి ముందుకి జరిగేవారు. బేరం మానేసి పదిహేనేళ్ళయినా ప్రయాణం మానలేదు. వాళ్ళకి సెలవంటే ఇదే.

"నాకు ఈత రాదు. మీ కళ్ళున్నాయన్న ధైర్యంతో ఎక్కుతున్నా" అంది మొదటి ఏడు కొత్త పెళ్ళికూతురు. ఇవాళ పొద్దున ఆయన భుజం పట్టుకుని ఎక్కుతూ మళ్ళీ అదే మాటంది.

"కొత్త అతుకు గాలికి ఆగుతోందా?" ముందు నుంచి అడిగింది.

"ఆగుతోంది. అవునూ, ఏటా తెరచాప నువ్వే కుట్టేదానివి కదా, ఈసారి టైలరుకి ఎందుకిచ్చావు?"

"వేళ్ళు నొప్పులండీ. వయసు మీద పడట్లా?" అంటూ పడవ అంచు పట్టుకుని వెనక్కొచ్చి ఆయన పక్కన కూలబడింది. చొక్కా కొస వేళ్ళ మధ్య నలిపింది. "కొత్తదా? అరవై నంబరు నూలు."

"చీరాలవాడు ఎనభై అన్నాడే!"

"మీ మొహం! బట్టలమ్ముకునేవాడికే అంటగట్టాడు, వాడు మొనగాడు."

ఫ్లాస్కు మూత విప్పి టీ పోసింది. "ఇదిగో, పట్టుకోండి."

ఆయన చెయ్యి చాచాడు. గ్లాసు చేతికి తగల్లేదు. టీ అంతా పడవలో ఒలికింది.

"పాడు అల!" అన్నాడు గబుక్కున.

"అవునండీ, ఎంత అలో!" అంది ఆవిడ, అంతకన్నా గబుక్కున.

పడవ ఇసుమంతైనా ఊగలేదు.

మధ్యాహ్నానికి ఎండుచేపల వాసన గుప్పుమంది. భావనారాయణ చుక్కాని మీద చెయ్యి బిగించాడు. జంట తాటిచెట్లు దాటగానే ఎడమకి తిప్పితే రేవు. ఆ ఒక్క మలుపూ గడిస్తే ఈ ఏడాది గండం గడిచినట్టే.

"తాటిచెట్లు కనబడుతున్నాయా?" మామూలుగా అడిగినట్టు అడిగాడు.

"కనబడకేం? అదిగో, రెండోది ఇంకా వంగే ఉంది, మీ అన్నగారిలాగా."

"మాణిక్యమ్మ ఇల్లు?" మొదటి చీర తనకే కావాలని మోకాలి లోతు నీళ్ళలోకి ఎదురొచ్చే మనిషి మాణిక్యమ్మ.

"నీలం సున్నమే. గుమ్మంలోనే నిలబడింది. చెయ్యూపండి!"

ఆయన సంతోషంగా చెయ్యూపాడు. ఆవిడా ఊపి, మళ్ళీ గెడ అందుకుంది. చుక్కాని తిప్పాడు. పడవ మెత్తగా ఇసకలో దిగబడి ఆగింది.

"షావుకారు గారూ!" ఒడ్డమ్మట పరిగెత్తుకొచ్చాడు ఫిలిప్, ఆ రేవులో దాటింపు పడవ నడిపేవాడు. "ఇక్కడ పెట్టారేంటండీ పడవ? రేవు అవతలుందిగా!"

"జంట తాటిచెట్లు చూసుకునే తిప్పానయ్యా."

"చెట్లెక్కడున్నాయండీ? భాద్రపదం వరదకి గట్టంతా కోసుకుపోయింది. మాణిక్యమ్మత్త ఇల్లూ పోయింది. ఆవిడ గుణదలలో కూతురి దగ్గరుంటోంది. ఉండండి, మనుషుల్ని తీసుకొస్తా, లాగుతారు" అంటూ వచ్చినంత వేగంగానే వెళ్ళిపోయాడు.

భావనారాయణ కదల్లేదు. లేని చెట్లు. లేని ఇల్లు. గుమ్మంలో లేని మాణిక్యమ్మ. దారి పొడుగునా తన కోసం పాత కృష్ణనంతా మళ్ళీ నిలబెట్టుకుంటూ వచ్చింది, పిచ్చిది. దాచానని తను మురిసిపోయాడు గానీ, ఆవిడ దగ్గర ఏది దాగింది గనక?

"రావమ్మా" అన్నాడు. "నాకు చూపు పోయిందని నీకెప్పుడు తెలిసింది? నేను బాధపడతాననేగా, లేనివన్నీ ఉన్నట్టు చెప్పుకొచ్చావు?"

వెంకటరావమ్మ చేతిలో గెడ జారి నీళ్ళలో పడింది.

"అయ్యో... మీక్కూడా కనబడదా?"