బూందీ మాత్ర మింగింది

బూందీ మాత్రని మళ్ళీ ఉమ్మేసింది.

ఈసారి సరిగ్గా హాసిని ఆఫీస్ లాప్‌టాప్ మీద.

"చూశావా దీని పొగరు? నెయ్యన్నం ముద్దంతా మింగి, మాత్ర మాత్రం ఏరి అవతల పెట్టింది" అన్నాడు దివాకర్, నవ్వాలో ఏడవాలో తెలియక.

అమెరికాలోని నోవై ఊళ్ళో బయట మోకాలి లోతు మంచు. ఇంట్లో మొగుడూ పెళ్ళాలిద్దరికీ చెమటలు.

బూందీ వాళ్ళ తొమ్మిదేళ్ళ కుక్క. దాని పిత్తాశయంలో పైత్యరసం జిగురులా గడ్డకట్టిందనీ, లివర్ కూడా దెబ్బతిందనీ నిన్ననే డాక్టర్ చెప్పింది. నెల రోజులు రెండు రకాల మాత్రలు లోపలికి పోతే సరే. లేదంటే పిత్తాశయం పగలొచ్చు. అప్పుడు ఆపరేషన్. ఈ వయసులో అది తట్టుకుంటుందని మాత్రం ఆవిడ హామీ ఇవ్వలేదు.

నెల రోజుల మాట దేవుడెరుగు, మొదటి మాత్రే లోపలికి పోలేదు.

హాస్పిటల్ గుమ్మం దగ్గర బల్ల మీద 'కావలసినవాళ్ళు తీసుకోండి' అని కొన్ని వస్తువులు పెట్టి ఉంటే, మాత్రని గొంతులోకి తోసే ప్లాస్టిక్ గొట్టం ఒకటి, నీళ్ళు పట్టే సిరంజితో సహా తెచ్చుకుంది హాసిని. గొట్టానికి ఒక చీటీ కట్టి ఉంది. 'మింగకపోతే ఫోన్ చేయండి. శ్యామ్‌సుందర్' అని రాసి, కింద నంబర్.

"మనవాడే! హాస్పిటల్లో మనవాడున్నాడే!" దివాకర్ గంతేశాడు.

అమెరికాలో ఏ కౌంటర్ వెనకైనా మనవాడొకడు దొరికితే చాలు, మనకి ఎక్కడలేని చనువూ వచ్చేస్తుంది. హాసిని హలో కూడా అనలేదు.

"శ్యామ్‌సుందర్ గారేనా? తెలుగే కదా? మా కుక్క బూందీకి పిత్తాశయంలో జిగురు గడ్డకట్టింది, మాత్ర మింగట్లేదండీ. మీరే ఏదో ఒకటి చేయాలి."

అవతల నెమ్మదైన గొంతు. "దేంట్లో పెట్టి ఇస్తున్నారమ్మా?"

"నెయ్యన్నంలో. నలిపి కూడా కలిపాం."

"అయ్యయ్యో! నెయ్యి ఆపేయండి తల్లీ. దాని జబ్బుకి కొవ్వు పడదు. పొద్దుటి మాత్ర నలపకూడదు, పరగడుపున మొత్తంగా మింగాలి. నలిపితే వేసినా వేయనట్టే. ఇవాళ్టికి ఇలా కానిద్దాం, ఫోన్ స్పీకర్‌లో పెట్టండి, నేను చెప్తా."

పెట్టింది.

"పై దవడ పట్టుకుని తల కాస్త ఎత్తండి. ఆ గొట్టంతో మాత్రని నాలుక వెనక్కి... ఇంకా వెనక్కి. ఇప్పుడు నోరు మూసేసి గొంతు నిమరండి. ముక్కు మీద ఉఫ్‌మని ఊదండి. ఇప్పుడు సిరంజితో కాసిని నీళ్ళు... ఆఁ, ముక్కు నాక్కుందా?"

బూందీ నాలుక చాపి ముక్కు నాక్కుంది.

"నాక్కుందండీ!"

"అయితే మింగేసిందమ్మా!"

దివాకర్ ఈలేశాడు. హాసిని నేల మీదే కూలబడి కుక్కని వాటేసుకుంది.

అన్నంతో ఇవ్వాల్సిన రెండో మాత్రకీ ఆయనే దారి చూపించాడు. ఉడికించిన చిలగడదుంప మూడు ఉండలు. మొదటిది ఉత్తది, రెండోదాంట్లో మాత్ర. మూడోది చేతిలో పట్టుకుని ఊరించాలి. దాని మీద ఆశకొద్దీ రెండోది నమలకుండా మింగేస్తుందన్నాడు. బూందీ అలాగే మింగింది, తిండిపోతు!

ఇక రోజూ పొద్దున్న ఆరున్నరకి ఫోన్. బూందీ సోఫా కింద దూరినా ఆయనకే ఫోన్, వాంతి చేసుకున్నా ఆయనకే.

ఒకరోజు లైన్ ఎంతకీ దొరకలేదు. దొరికేసరికి హాసినికి ఒళ్ళు మండిపోయింది.

"అరగంట నుంచి ఎంగేజ్! అసలు మీకు జీతమిచ్చేది దేనికండీ?"

అవతల గొంతు మాత్రం ఎప్పటిలా నెమ్మదిగానే ఉంది.

"తప్పేనమ్మా. ఇంకో కుక్క లైన్లో ఉంది. సరే, బూందీ సంగతి చూద్దాం పదండి."

మూడో వారానికి హాసిని చెయ్యి తిరిగిపోయింది. పది సెకన్లలో పని అయిపోతోంది. ఫోన్ చేయడం మానేసింది. థాంక్స్ చెప్పాలని కూడా తోచలేదు.

నెల తిరిగింది. డాక్టర్ స్కానింగ్ చూసి స్క్రీన్ వాళ్ళవైపు తిప్పింది.

"జిగురంతా కరిగిపోయింది. లివర్ నంబర్లు నార్మల్. ఆపరేషన్ అక్కర్లేదు."

"గెలిచావే బూందీ!" హాసిని గట్టిగా అరిచింది. వెయిటింగ్ రూమ్‌లో ఉన్నవాళ్ళందరూ చప్పట్లు కొట్టారు. దివాకర్ కుక్కని ఎత్తుకుని గిరగిరా తిరిగాడు. మొహం అందక అది అతని చెవి నాకేసింది.

హాసిని బ్యాగ్‌లోంచి డబ్బా తీసింది. సున్నుండలు. బూందీకి అందకుండా ఎత్తి పట్టుకుంది.

"శ్యామ్‌సుందర్ గారిని ఒక్కసారి పిలుస్తారా డాక్టర్? ఇది ఆయన గెలుపే. ఓసారి నోరు జారాను కూడా, సారీ చెప్పుకోవాలి."

డాక్టర్ మొహం చిట్లించింది. "ఆ పేరుతో మా దగ్గర ఎవరూ పనిచేయట్లేదే!"

"అదేంటండీ, రోజూ ఈ నంబర్‌కే కదా చేశాను!"

హాసిని అక్కడికక్కడే ఫోన్ చేసింది. ఎంగేజ్.

డాక్టర్ వంగి ఆ నంబర్ చూసింది. "ఓ, రవ్వ వాళ్ళ డాడ్!"

కుక్కల హాస్పిటల్లో మనుషులకి పేర్లుండవు, ఫలానా కుక్క డాడ్, ఫలానా కుక్క మామ్, అంతే.

"మరి ఇదంతా ఆయనకెలా తెలుసు?" అంది హాసిని. తను అన్న జీతం మాట గుర్తొచ్చి అప్పటికే సిగ్గుతో మొహం ఎర్రబడింది.

డాక్టర్ బూందీ తల నిమిరింది.

"పోయిన అక్టోబర్‌లో రవ్వ ఇదే జబ్బుతో పోయింది. ఒక్క మాత్ర కూడా మింగించలేకపోయానని ఆయన ఆ కుర్చీలో కూర్చుని ఏడ్చాడు, మర్నాడొచ్చి ఎలా మింగించాలో నేర్పమని అడిగాడు."